"టర్నోవర్ ఎంతమ్మా?": పాఠకుల ప్రశ్నలు, ఆర్కిటెక్టు జవాబులు

గత నెల ఈ పేజీలో ప్రభుత్వ భవనాల డిజైన్ పనులు ఎప్పుడు చూసినా ఆ నాలుగైదు ఆఫీసులకే ఎందుకు వెళ్తాయని ఒక్క పేరా రాశాను. రాసింది ఒక్క పేరానే, ఉత్తరాలు మాత్రం సంచెడు వచ్చాయి. సగం ప్రశ్నలు, సగం తిట్లు. తిట్లు పక్కన పెట్టాను. ఒక్కటి మాత్రం పెట్టలేకపోయాను, అది చివర్లో ఉంది.

ప్రశ్న: నేను ఆర్కిటెక్టుని. విజయవాడలో చిన్న ఆఫీసు, నాతో కలిపి నలుగురం. తొమ్మిదేళ్లలో ఇళ్లు చాలా చేశాం, రెండు క్లినిక్‌లు, ఒక ప్రైవేటు స్కూలు కూడా. ఈ మధ్య ఒక సంస్థ హాస్టల్ భవనం డిజైన్‌కి టెండర్ పిలిచింది. డౌట్లు అడుగుదామని వెళ్తే అక్కడున్నాయన తల కూడా ఎత్తకుండా "టర్నోవర్ ఎంతమ్మా?" అన్నారు. చెప్పాను. నవ్వి, "ఇళ్ల ప్లాన్లు వేసుకోండమ్మా, హాయిగా ఉంటుంది" అన్నారు. మహిళలకు 3 శాతం ఉందంటారు కదా, అది నాకు వర్తించదా?
(పాఠకురాలు, విజయవాడ)

జవాబు: వర్తించవచ్చు, కానీ మీరు అనుకుంటున్న చోట కాదు. ముందు ఆ 3 శాతం ఎక్కడిదో చెప్తాను. 2012లో కేంద్రం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనుగోళ్ల మీద ఒక ఆర్డర్ ఇచ్చింది. కేంద్ర మంత్రిత్వ శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు ఏడాదిలో కొనే వస్తువులు, సేవల్లో ఇంత శాతం ఈ చిన్న సంస్థల దగ్గరే కొనాలని. మొదట 20 శాతం ఉండేది, 2019 ఏప్రిల్ నుంచి 25 చేశారు. ఆ 25లో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సంస్థలకు, 3 శాతం మహిళల సంస్థలకు. మీరు విన్నది ఇదే.

అయితే ఇది బస్సులో "స్త్రీలకు" అని రాసి ఉన్న సీటు లాంటిది కాదు. డిపో మొత్తం మీద ఏడాదికి ఎంతమంది ఆడవాళ్లు ఎక్కారో లెక్కేసుకునే పద్ధతి. ఆ సంస్థ కుర్చీలు, యూనిఫాం గుడ్డ, క్యాంటీన్ సరుకు లాంటివి మహిళల సంస్థల దగ్గర కొని 3 శాతం పూర్తి చేసేసుకోవచ్చు, డిజైన్ పని ఒక్కటి కూడా మీలాంటి వాళ్లకు ఇవ్వకుండానే. రెండో సంగతి, సివిల్ పనుల కాంట్రాక్టులు ఈ ఆర్డర్ కిందికి రావు. డిజైన్ ఒక్కటే విడిగా పిలిస్తే అది సేవ కాబట్టి వస్తుంది, అదే డిజైన్‌ని కట్టే పనితో కలిపి ఒకే టెండర్ చేసేస్తే మీ దారి అక్కడితో మూసుకుపోయినట్టే. మూడోది, రాష్ట్ర ప్రభుత్వ శాఖలకు ఈ ఆర్డర్ వర్తించదు, వాళ్ల నిబంధనలు వేరు. కాబట్టి మొట్టమొదట చూడాల్సింది టెండర్ పిలిచింది ఎవరు అన్నది.

ఇక అసలు విషయానికొస్తాను. మీరు ఆగిపోయింది 3 శాతం దగ్గర కాదు, అర్హత షరతుల పేజీ దగ్గర. సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజా పనుల శాఖ) తరహా టెండర్లలో కాంట్రాక్టర్ల కోసం ఒక షరతు ఉంటుంది: గత ఏడేళ్లలో అంచనా విలువలో 80 శాతం విలువైన ఇలాంటి పని ఒకటి, లేదా 60 శాతంవి రెండు, లేదా 40 శాతంవి మూడు చేసి ఉండాలి. దాని పక్కనే మూడేళ్ల సగటు టర్నోవర్ అంచనా విలువలో కనీసం 30 శాతం ఉండాలని ఇంకోటి. కాంట్రాక్టరుకు ఇది కొంతవరకు న్యాయమే, సిమెంటు, స్టీలు, కూలీ అన్నిటికీ ముందు చేతి డబ్బు పెట్టాలి కదా. ఆ పేజీనే ఎవరో కాపీ కొట్టి ఆర్కిటెక్టు టెండర్లో అతికిస్తారు. ఇప్పుడు లెక్క చూడండి. హాస్టల్ అంచనా 20 కోట్లు అనుకుందాం. 30 శాతం అంటే 6 కోట్ల టర్నోవర్. మరి ఆర్కిటెక్టుకు వచ్చే ఫీజు? 3 శాతం ఇచ్చినా 60 లక్షలు, అదీ రెండు మూడేళ్ల మీద విడతలుగా. 60 లక్షల పనికి 6 కోట్ల టర్నోవర్ అడగడమంటే పెళ్లికి మేళం మాట్లాడుకుంటూ వాయించేవాణ్ని నీకు సొంత కల్యాణ మండపం ఉందా అని అడిగినట్టు.

ఇందులో దురుద్దేశం ఉందా అంటే, ఎక్కువసార్లు ఉండదు. బద్ధకం ఉంటుంది. పాత టెండర్ ఫైలు తెరిచి పేరు, తేదీ, అంచనా మార్చి వదిలేస్తారు. నాకే జరిగింది. చాలా ఏళ్ల కిందట ఒక లైబ్రరీ భవనానికి ఇలాగే నిర్మాణ ఖర్చు మీద టర్నోవర్ అడిగారు. టెండర్ వేసేలోపు సందేహాలు తీర్చే ప్రీ-బిడ్ మీటింగ్‌కి ముందు నేనూ ఇంకో ఇద్దరూ విడివిడిగా ఉత్తరాలు రాశాం. మీటింగ్‌లో ఆ ఇంజినీరు గారు ఉత్తరం రెండుసార్లు చదువుకుని, పక్కాయన్ని "ఇది మనం ఎక్కడి నుంచి తీశాం?" అని అడిగారు. వారంలో సవరణ వచ్చింది, టర్నోవర్ ఫీజు మీద లెక్కగట్టారు. ముగ్గురు వేయాల్సిన టెండర్‌కి తొమ్మిది మంది వేశారు. పని నాకు రాలేదు, అది వేరే సంగతి.

కాబట్టి మీరూ రాయండి. టెండర్ తెరిచాక కాదు, ప్రీ-బిడ్ ప్రశ్నలకు ఇచ్చిన గడువులోపు. ఏడుపు ఉత్తరం వద్దు, "చిన్నవాళ్లకు అన్యాయం" అని మొదలెడితే చదవరు. ఇలా రాయండి: "ఫలానా పేజీ, ఫలానా క్లాజులో టర్నోవర్ నిర్మాణ అంచనా మీద అడిగారు. ఇది డిజైన్ సేవ కాబట్టి అంచనా ఫీజు మీద లెక్కించగలరా? అలాగే జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లో 173వ రూలు స్టార్టప్‌లకు ఇచ్చిన సడలింపును, చిన్న సంస్థలకు ఆర్థిక శాఖ అనుమతించిన సడలింపును ఈ టెండర్‌కి వర్తింపజేస్తారా?" నాణ్యత, సాంకేతిక ప్రమాణాలు తగ్గకుండా పాత అనుభవం, టర్నోవర్ షరతులు సడలించడానికి ఆ నిబంధనల్లో వీలుంది. "సడలించవచ్చు" అనే ఉంది, "సడలించాలి" అని లేదు. అందుకే అడగాలి. అడిగిన ప్రతి ప్రశ్నకూ వాళ్లు రాతపూర్వకంగా జవాబు పెట్టాల్సి వస్తుంది, అది అందరూ చూస్తారు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా కేంద్రం దగ్గర నమోదు, లేకపోతే ఈ రోజే చేయించుకోండి. ఆర్కిటెక్చర్ సేవల కోడ్ 7110 కింద వస్తుంది. పైసా ఖర్చు లేదు, మూడు వేలు అడిగే ఏజెంట్లను నమ్మొద్దు. అది ఉంటే కేంద్ర సంస్థల టెండర్లలో ధరావతు, టెండర్ ఫారం ఫీజు కట్టక్కర్లేదు, నలుగురి ఆఫీసుకు ధరావతు డబ్బు ఆరు నెలలు ఇరుక్కోకపోవడం కూడా చిన్న విషయం కాదు.

అప్పటికీ షరతు అందకపోతే జాయింట్ వెంచర్, అంటే ఇంకో ఆఫీసుతో కలిసి వేయడం, ఒప్పుకుంటారేమో చూడండి. వాషింగ్టన్‌లో 2016లో తెరిచిన ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియం నాలుగు ఆఫీసులు కలిసి చేసింది, ఫ్రీలన్, అడ్జాయే, బాండ్ అనే ముగ్గురి సంస్థలు, వాటితో స్మిత్‌గ్రూప్ అనే పెద్ద ఆఫీసు. నలుగురి పేర్లూ బోర్డు మీద ఉన్నాయి. మన దగ్గర పెద్ద ఆఫీసుతో కలిసేటప్పుడు ఆ ఒక్క ముక్క ముందే కాగితం మీద పెట్టించుకోండి: డ్రాయింగ్ మీద ఎవరి పేరు ఉంటుంది, అనుభవం సర్టిఫికెట్ ఎవరికి వస్తుంది. ఫీజు వాటా ఎలాగూ మాట్లాడుకుంటారు, ఈ రెండూ మాట్లాడుకోరు, ఐదేళ్ల తర్వాత "ఇలాంటి పని చేశారా?" అని అడిగినప్పుడు చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు.

ప్రశ్న: మాది ఇంటీరియర్స్ ఫర్మ్. నా పేరు మీద ఉంది. మా ఆవిడ పేరు మీదికి మార్చేస్తే ఆ 3 శాతం మాకు వస్తుందా?
(పాఠకుడు, నెల్లూరు)

జవాబు: సొంత సంస్థ అయితే యజమాని ఆమే అయి ఉండాలి, భాగస్వామ్యమైతే కనీసం 51 శాతం వాటా ఆమెది ఉండాలి. కాగితం మీద సాధ్యమే. కానీ మార్చేముందు ఆవిడను ఒక మాట అడగండి, రేపు బ్యాంకు నోటీసు, జీఎస్టీ నోటీసు కూడా ఆవిడ పేరు మీదే వస్తాయి. ఆవిడకు నిజంగా ఆ పని మీద ఇష్టం, పట్టు ఉంటే ఇన్నాళ్లూ ఎందుకు మార్చలేదండీ? లేకపోతే వదిలేయండి. సర్పంచి పదవి ఆవిడది, సంతకం ఈయనది అన్న బాపతు వ్యవహారం మన ఊళ్లలో చాలానే ఉంది, టెండర్లలోకి కూడా తేవద్దు.

ప్రశ్న: మాది డల్లాస్. నేను లైసెన్సున్న ఆర్కిటెక్టుని, సంస్థలో 60 శాతం నాది, మా వారిది 40. నాకు డీబీఈ (వెనకబడినవారి వ్యాపార సంస్థ) సర్టిఫికెట్ ఉంది, దాని మీదే పెద్ద సంస్థల కింద ట్రాన్సిట్ స్టేషన్ పనులు చేశాం. ఇప్పుడు మళ్లీ దరఖాస్తు పెట్టుకోమంటున్నారు, నా జీవితంలో ఎదురైన ఇబ్బందులు కథలా రాయమంటున్నారు. ఏం జరిగింది? ఎప్పటి నుంచో ఉన్నది ఒక్కసారి ఎలా తీసేస్తారు?
(పాఠకురాలు, టెక్సస్)

జవాబు: అక్కడ ఈ గొడవ యాభై ఏళ్ల నాటిది అమ్మా. అట్లాంటాకి మొదటి నల్లజాతి మేయర్ మేనార్డ్ జాక్సన్ 1974లో పదవిలోకి వచ్చాక విమానాశ్రయం కొత్త టెర్మినల్ కట్టే పనుల్లో 25 శాతం మైనారిటీ సంస్థలకు దక్కాలని పట్టుబట్టాడు. పెద్ద సంస్థలు గోల చేశాయి, పని ఆలస్యమవుతుందన్నాయి. టెర్మినల్ 1980లో తెరుచుకుంది. తర్వాత చాలా నగరాలు అదే బాట పట్టాయి. రిచ్‌మండ్ నగరం 30 శాతం పెడితే 1989లో సుప్రీంకోర్టు కొట్టేసింది, ఈ నగరంలో ఈ రంగంలో వివక్ష జరిగిందని ముందు ఆధారాలతో చూపించండి, ఊరికే శాతం పెట్టేస్తే కుదరదని. అప్పటి నుంచి నగరాలన్నీ శాతం పెట్టే ముందు సర్వేలు చేయించుకోవడం మొదలెట్టాయి.

మీ డీబీఈ ఫెడరల్ రవాణా శాఖది, 1983లో చట్టంలోకి వచ్చింది, మహిళల్ని 1987లో చేర్చారు. ఇన్నాళ్లూ దానిలో ఒక వెసులుబాటు ఉండేది. మహిళలను, నల్లజాతివారిని, మన భారత ఉపఖండం నుంచి వెళ్లినవారిని, ఇంకొన్ని వర్గాలను "వెనకబడినవారు" అని ముందే ఒప్పేసుకునేవారు, విడిగా నిరూపించుకోనక్కర్లేదు. 2025 అక్టోబరులో ఆ శాఖ తెచ్చిన రూలు సరిగ్గా ఆ ముక్కే తీసేసింది. ఇకపై ఎవరికి వారు తమకు జరిగిన అన్యాయం ఇదీ అని విడిగా చూపించాలి, జాతినీ, ఆడ మగ తేడానూ ఆధారంగా చూపిస్తే చెల్లదు. పాత సర్టిఫికెట్లన్నీ మళ్లీ చూస్తారు. మీ రాష్ట్రంలో ఆ పరిశీలన పూర్తయ్యేదాకా కొత్త కాంట్రాక్టుల్లో డీబీఈ లక్ష్యం పెట్టడానికి కూడా లేదు. మీ పెద్ద సంస్థల వాళ్లు ఫోన్లు ఎత్తట్లేదంటే కారణం అదే అయ్యుండొచ్చు.

మీరు కథ రాసేటప్పుడు "ఆసియా మహిళను కాబట్టి" అని ఒక్క వాక్యం కూడా పెట్టకండి, కొత్త రూలు కింద అది లెక్కలోకి రాదు. ఏ సంవత్సరం, ఏ బ్యాంకు, ఎంత లోన్ అడిగితే ఏ కారణం చెప్పి కాదన్నారు, ఏ పూచీకత్తు బాండ్ దొరక్క ఏ పని వదులుకున్నారు, కాగితాలతో సహా ఇవి రాయండి. వ్యక్తిగత ఆస్తి 20 లక్షల 47 వేల డాలర్లు దాటకూడదు, మీరుండే ఇల్లు, మీ సంస్థలో మీ వాటా ఆ లెక్కలోకి రావు. ఇంకో సంగతి. 60 శాతం మీదైతే చాలదు, నడిపేది మీరే అని వాళ్లకు నమ్మకం కుదరాలి. ఇంటర్వ్యూలో సైటు గురించి అడిగితే మీ వారి వైపు చూడకండి.

పోతే, వేరే తలుపులు కూడా తట్టి చూడండి. రాష్ట్రాల, నగరాల సొంత కార్యక్రమాలు వేరు, మీ దగ్గర అవి ఇప్పుడు ఉన్నాయో లేదో కనుక్కోండి. చిన్న వ్యాపారం అన్న హోదా వేరు, అది సైజును బట్టి వచ్చేది. ఇంకా ఫెడరల్ భవనాల డిజైన్ పనుల్లో అక్కడ ఒక మంచి చట్టం ఉంది, బ్రూక్స్ యాక్ట్. ముందు అర్హత చూసి ఆర్కిటెక్టును ఎంచుకోవాలి, ఆ తర్వాతే ఫీజు మాట్లాడుకోవాలి. మన ఆర్కిటెక్ట్స్ యాక్ట్ వచ్చిందీ అది వచ్చిందీ ఒకే ఏడాది, 1972. వాళ్లది ఎవరికి పని ఇవ్వాలో చెప్పింది, మనది ఎవరు ఆర్కిటెక్టు అని రాసుకోవచ్చో చెప్పి ఊరుకుంది. ఫారాలు పెట్టే ముందు అక్కడి లాయరుకు ఒకసారి చూపించుకోండి, నేను ప్లాన్లు గీసేవాణ్ని.

ప్రశ్న: నేను ఎస్సీ. డిప్లొమా సివిల్ చేసి చిన్న కాంట్రాక్టర్‌గా రిజిస్టర్ అయ్యాను. కాంపౌండ్ గోడలు, అంగన్‌వాడీ రిపేర్లు చేస్తుంటాను. మా దగ్గర ఒక పెద్ద కాంట్రాక్టర్ "పేరు నీది, పెట్టుబడి నాది, నీకు 2 శాతం" అంటున్నాడు. ఇంట్లో వాళ్లు ఒప్పుకోమంటున్నారు. ఏం చెయ్యను?
(పాఠకుడు, అనంతపురం జిల్లా)

జవాబు: వద్దు తమ్ముడూ.

2 శాతం అంటే 50 లక్షల పనికి లక్ష రూపాయలు. ఆ లక్ష కోసం నీ పేరు మీద ఏమేం ఉంటాయో చూడు. జీఎస్టీ నీ నంబరు మీద, ఆదాయ పన్ను నీ పాన్ మీద, కూలీలకు పీఎఫ్ ఎగ్గొడితే నోటీసు నీకు, సెంట్రింగ్ కూలి ఎవరికైనా దెబ్బ తగిలితే కేసు నీ మీద, ఏడాది తిరక్కుండా స్లాబు కారితే బాగుచేయాల్సింది నువ్వు, బ్లాక్‌లిస్టులో పెడితే నీ రిజిస్ట్రేషన్. అప్పుడు ఆయన కొత్త పేరు వెతుక్కుంటాడు. "అనుభవం సర్టిఫికెట్ నీ పేరుకే వస్తుంది కదా" అని ఊరిస్తాడు చూడు, అక్కడే చాలామంది పడిపోతారు. కాగితం వస్తుంది, నిజమే. ఎంబీ (కొలతల పుస్తకం) రికార్డు చేయించడం, బిల్లు పాస్ చేయించుకోవడం, స్టీలు షాపులో అరువు పుట్టించుకోవడం, ఇవి మాత్రం రావు.

మీ వర్గాలకు పనులు కేటాయించే నిబంధనలు ఉన్నమాట నిజం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో నామినేషన్ మీద, అంటే టెండర్ లేకుండా, ఇచ్చే పనుల్లో సగం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు అని చట్టం చేశారు. గమనించు, నామినేషన్ పనులకే, టెండర్ పనులకు కాదు. పక్కన కర్ణాటకలో టెండర్ పనుల్లోనే ఎస్సీ, ఎస్టీలకు 24.1 శాతం కేటాయింపు ఉంది. మొదట 50 లక్షల లోపు పనులకు పెట్టి, 2023లో దాన్ని కోటికి పెంచారు. అసలు కిటుకు ఆ పరిమితిలో ఉంది. కోటి లోపు పనికే కేటాయింపు అన్నప్పుడు, ఎనిమిది హాస్టళ్ల రిపేర్లను ఎనిమిది పనులుగా పిలిస్తే నీలాంటి వాళ్లు ఎనిమిది మంది వేస్తారు. ఎనిమిదీ కలిపి ఒకే ప్యాకేజీ చేస్తే 6 కోట్ల పని అవుతుంది, కేటాయింపు ఎగిరిపోతుంది, అందరూ చట్టప్రకారమే చేసినట్టు ఉంటుంది. నువ్వు నిజంగా పోట్లాడాలనుకుంటే మీ కాంట్రాక్టర్ల సంఘంతో కలిసి ఆ ప్యాకేజీల మీద పోట్లాడు.

ఈలోగా ఆ పెద్దాయనకే ఒక మాట చెప్పి చూడు: "పేరు ఇవ్వనండీ, పని ఇవ్వండి." కాంపౌండ్ గోడో, టైల్స్ పనో రాతపూర్వక వర్క్ ఆర్డర్‌తో సబ్ కాంట్రాక్టుకు తీసుకో, డబ్బు బ్యాంకులో వేయించుకో. ఇవ్వకపోతే ఆయనకు కావాల్సింది నువ్వు కాదని తేలిపోయినట్టే. కేంద్రం 2016లో మొదలెట్టిన జాతీయ ఎస్సీ, ఎస్టీ హబ్ ఒకటుంది, టెండర్లు వేయడం మీద శిక్షణ ఇస్తారు, కొన్ని ఖర్చులు వెనక్కి ఇస్తారు. అక్కడ కూడా అడుగు.

ప్రశ్న: ఆర్కిటెక్చర్ నాలుగో ఏడాది చదువుతున్నా. మా క్లాసులో సగం మందికి పైగా అమ్మాయిలం. పెద్ద భవనాల దగ్గర మాత్రం పేరున్న మగ ఆర్కిటెక్టులే కనిపిస్తారు. పేరు చూడకుండా పని చూసి ఎంచుకునే పద్ధతే లేదా?
(విద్యార్థిని, విజయవాడ)

జవాబు: ఉంది. ఓపెన్ డిజైన్ పోటీ. పేర్లు మూసేసి, నంబర్లు వేసి, డ్రాయింగులు మాత్రమే జ్యూరీ ముందు పెడతారు. 1981లో వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధ స్మారకానికి 1,421 ఎంట్రీలు వస్తే 1,026వ నంబరు గెలిచింది. కవరు విప్పి చూస్తే మాయా లిన్ అనే 21 ఏళ్ల అమ్మాయి, ఇంకా యేల్ యూనివర్సిటీలో చదువుకుంటోంది. టర్నోవర్ అడిగి ఉంటే ఏం చెప్పేదో!

అంత దూరం ఎందుకు, ఎప్పుడైనా ఢిల్లీ వెళ్తే ఇండియా గేట్ దగ్గర నిలబడు. ఒక పక్క జాతీయ యుద్ధ స్మారకం, 2019 ఫిబ్రవరిలో తెరిచారు. దాన్ని ఓపెన్ పోటీలో గెలిచింది చెన్నైకి చెందిన వీబీ డిజైన్ ల్యాబ్, పెద్ద పేరేమీ లేని ఆఫీసు. అక్కడే నిలబడి ఇంకో వైపు తిరిగితే సెంట్రల్ విస్టా, కొత్త పార్లమెంటు ఉన్న ప్రాజెక్టు. దానికి అదే 2019లో సెప్టెంబరులో టెండర్ పిలిచి అక్టోబరులో తేల్చేశారు, అహ్మదాబాద్‌లోని హెచ్‌సీపీ అనే ఆర్కిటెక్చర్ సంస్థకు వచ్చింది, ఫీజు 229 కోట్ల 75 లక్షలు. హెచ్‌సీపీ సమర్థత మీద నాకే అనుమానమూ లేదు. కానీ దేశం పార్లమెంటు కట్టుకుంటూ రెండు నెలల్లోపు, పోటీ లేకుండా, టెండర్ మీద ఆర్కిటెక్టును ఎంచుకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పక్కనే ఉన్న స్మారకానికి పట్టిన ఓపిక దీనికి ఎందుకు పట్టలేదు?

అలాగని పోటీ పెడితే అంతా బాగుంటుందనీ కాదు. అమరావతి చూశాం కదా. రాజధాని ప్రభుత్వ భవనాల డిజైన్‌కి మూడు పేరున్న సంస్థల్ని పిలిచి, జ్యూరీ పెట్టి, 2016లో జపాన్ ఆర్కిటెక్టు మాకి సంస్థను ఎంచుకున్నారు, తర్వాత కాదని బ్రిటన్ ఆర్కిటెక్టు నార్మన్ ఫోస్టర్ దగ్గరకు వెళ్లారు, ఆ తర్వాత సినిమా దర్శకుడు రాజమౌళిని కూడా సలహా అడిగారు. గెలిచినవాళ్లకు పని ఇవ్వకపోతే పోటీ పెట్టడం ఎందుకు? నువ్వు ఏదైనా పోటీకి పంపేముందు రూల్స్‌లో రెండు వాక్యాలు వెతుకు. ఎంట్రీ మీద పేరు రాయకూడదని ఉందా, గెలిచినవాళ్లకు పని కచ్చితంగా ఇస్తామని ఉందా. రెండోది లేకపోతే నీ రాత్రులు దాచుకో.

ప్రశ్న: స్ట్రక్చరల్ డ్రాయింగులు వేసే చిన్న ఆఫీసు మాది. ఒక పెద్ద ఆర్కిటెక్చర్ సంస్థకు ఆస్పత్రి భవనం డ్రాయింగులు ఇచ్చి పద్నాలుగు నెలలైంది. "మాకు పైనుంచి రాలేదండీ, రాగానే ఇస్తాం" అంటారు. భవనం రెండో అంతస్తు లేచింది, మా బిల్లు మాత్రం లేవలేదు. గట్టిగా అడిగితే మళ్లీ పని ఇవ్వరని భయం.
(పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: చిన్నవాళ్లను చేర్చుకున్నాం అని బ్రోచర్‌లో వేసుకునే సంస్థలు ఈ ఒక్క విషయంలో మాత్రం మూగనోము పడతాయి. పని ఇవ్వడం సగమే, డబ్బు ఇవ్వడం మిగతా సగం.

"మాకు వచ్చాక ఇస్తాం" అనేది చట్టం ముందు నిలబడదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం 15వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో ఏం రాసుకున్నా సరే, పని అందుకున్నాక 45 రోజులు దాటకూడదు. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఎంఎస్ఎంఈ శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు పెడితే అది ఇలాంటి బకాయిల తగాదాలు తేల్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్తుంది. కౌన్సిల్ తీర్పు మీద అవతలివాళ్లు కోర్టుకు వెళ్లాలంటే ముందు 75 శాతం డిపాజిట్ చేయాలి. ఇవన్నీ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకే. అది పని ఒప్పుకోకముందే ఉండాలి, తర్వాత చేయించుకుంటే వర్తిస్తుందా లేదా అని కోర్టుల్లో ఇంకా వాదనలు నడుస్తున్నాయి, ఆ గొడవ మీకెందుకు.

కౌన్సిల్‌కి వెళ్తే మళ్లీ పని ఇవ్వరన్న మీ భయం నాకు అర్థమైంది. దానికి ఒక మెత్తటి దారి ఉంది. ఆదాయ పన్ను చట్టంలో 2024 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధన ఒకటి ఉంది, చిన్న సంస్థలకు గడువు దాటాక మార్చి 31కి కూడా చెల్లించకపోతే ఆ మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోవడానికి లేదు. కాబట్టి మార్చి మొదటి వారంలో ఆర్కిటెక్టుకు కాదు, వాళ్ల ఆడిటర్‌కి ఒక మర్యాదపూర్వకమైన మెయిల్ పెట్టండి, ఉద్యమ్ సర్టిఫికెట్ జతచేసి, బిల్లు తేదీలు రాసి. మీ తరఫున ఆడిటరే పోట్లాడతాడు. నాకు ఒక ఏడాది మార్చి 28న వచ్చిన డబ్బు అలాగే వచ్చింది.

ఇక దాచిన తిట్టు:

"నేను రిటైర్డ్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుని. చిన్నవాళ్లు, ఆడవాళ్లు, కులాలు అని భవనాల్లో కూడా వాటాలు పంచుకుంటే రేపు స్లాబు నెత్తిన పడితే బాధ్యత ఎవరిది? టర్నోవర్ షరతు ఊరికే పెట్టలేదు. మీరు ఏసీ గదిలో కూర్చుని రాస్తారు, మేం సైటులో చచ్చాం."
(పాఠకుడు, వరంగల్)

జవాబు: మాస్టారూ, మా గదిలో ఏసీ పాడై రెండు నెలలైంది, అది అలా ఉంచండి.

మీ భయం అబద్ధం కాదు. స్లాబు పడకూడదు. అయితే స్లాబును నిలబెట్టేది టర్నోవర్ కాదు, స్ట్రక్చరల్ డిజైన్‌ని ఇంకో ఇంజినీరు చెక్ చేయడం, కాంక్రీటు బలం చూసే క్యూబ్ టెస్టులు నిజంగా చేయడం, మీలాంటి వాళ్లు సైటులో నిలబడటం. ఇవి పెద్ద సంస్థకూ చిన్న సంస్థకూ ఒక్కలాగే ఉండాలి, ఇందులో ఒక్క మెట్టు తగ్గించమని నేను అడగట్లేదు. నేను చూసిన వాటిలో ఎక్కువగా కారిన కప్పు ఒక పెద్ద సంస్థ డిజైన్ చేసిందే. టెర్రస్ వాలు నీళ్లు పోయే గొట్టానికి ఎదురు దిక్కున వేశారు, డ్రాయింగులోనే అలా ఉంది, మూడు వానాకాలాలు ఎవరూ డ్రాయింగ్ తెరిచి చూడలేదు. చివరికి అక్కడి వాచ్‌మన్ బకెట్టు నీళ్లు పోసి చూపించాడు, అవి వెనక్కి పారాయి.

కానీ మీ ఉత్తరంలో ఒక మాట నాకు నచ్చింది, షరతు ఊరికే పెట్టలేదన్నారు. నిజంగా ఆలోచించి పెట్టిన షరతైతే దాన్ని చదివి నేర్చుకోవాలని నాకూ ఉంది. మీరు సర్వీసులో ఉన్నప్పుడు పిలిచిన ఆర్కిటెక్టు టెండర్ ఒకటి ఇంట్లో ఏ అటక మీదైనా ఉంటే, అర్హత షరతుల పేజీ ఒక్కటి జిరాక్స్ తీసి పంపండి. ఊరు, ఆఫీసు పేరు కొట్టేయండి. వచ్చే నెల ఇక్కడే ఒక్కో లైను ఎక్కడి నుంచి వచ్చిందో మీరు చెప్పండి, నేను పక్కన రాస్తాను.